మామయ్యకు పెట్టిన ‘ది’

ఆ రోజుల్లో మా హైదరాబాదులో మర్యాద తెలియనివాడికి మంచినీళ్లు కూడా పుట్టేవి కావు. ఇంగ్లీషు తెలియనివాడికి మాత్రం ఏ లోటూ ఉండేది కాదు, అబిడ్స్‌లో కొలువు కావాలనుకుంటే తప్ప. నా ఖర్మకు నాకు అదే కావాల్సి వచ్చింది. అక్కడ ఒక దొరగారి సీమ సామాన్ల దుకాణంలో మనిషి కావాలని తెలిసింది. అది దొరక్కపోతే ఊరికెళ్లి అన్నయ్య వెనక నాగలి పట్టాలి (నాగలి సంగతేమో గానీ, అన్నయ్య నోరంటే నాకు భయం).

నాంపల్లిలో నన్ను ఇంట్లో పెట్టుకున్న మామయ్య సర్కారు దఫ్తరులో గుమాస్తా. చదువంతా ఉర్దూలో, ఇంగ్లీషు చెవిన పడి వచ్చిందే. మాటల ముందు దొరలు తగిలించే ‘ఎ’, ‘ది’ అనే ముక్కలు మాకు తెలిసిన ఏ భాషలోనూ లేవు. అందుకని మామయ్య వాటికి తనే అర్థం కట్టారు. “ఏం లేదురా, ‘ది’ అంటే మన ‘గారు’ లెక్క. పెద్దోళ్లకు ‘ది’ పెట్టు, చిన్నోళ్లకు ‘ఎ’ పెట్టు. జర మర్యాద తప్పకు, గంతే.” రోజూ సాయంత్రం మొజంజాహీ మార్కెట్ దాకా నడుస్తూ సాధన చేసేవాళ్లం. వకీలు ఎదురైతే ‘ది’, జామపళ్ల బుట్టవాడు ఎదురైతే ‘ఎ’. “మరి దేవునికేం పెట్టాలె మామా?” అన్నాను ఒకనాడు. మామయ్య చాలాసేపు ఆలోచించి, “దేవునికి రెండు ‘ది’లు పెట్టు” అన్నారు.

దుకాణంలో దొరగారి పక్కన తెలుగు వచ్చిన ముసలి మున్షీగారు కూర్చున్నారు. ఎవరు పంపారని దొరగారు అడిగితే ‘ది మై అంకుల్’ అన్నాను. ఇంట్లో ఎవరెవరున్నారంటే ‘ది మై మదర్, ఎ మై సిస్టర్’ అన్నాను (చెల్లెలు నాకంటే చిన్నది మరి). దొరగారి కనుబొమలు ముడిపడ్డాయి. కొలువు చేజారిపోతోందనిపించింది. ఇక లాభం లేదని “యూ ఆర్ ది ది సర్” అనేశాను. “ఏంది బిడ్డా, రెండెందుకు పెడ్తున్నవు?” అన్నారు మున్షీగారు. దేవుడికి పెట్టేవే దొరగారికీ పెట్టానని, మామయ్య సూత్రమంతా విప్పి చెప్పాను. మున్షీగారు దాన్ని ఇంగ్లీషులో వినిపించారు. దొరగారు ముందు తెల్లబోయారు, ఆ తర్వాత కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. “రేపటిసంది రమ్మంటున్నరు. ఇంగ్లీషు ఈడ నేర్చుకుంటవట, వచ్చినోళ్లకు మర్యాద చేసుడు నీకు ముందే వచ్చునట” అన్నారు మున్షీగారు.

ఇంటికి వచ్చేసరికి మామయ్య గడపలోనే నిలబడి ఉన్నారు. “ఏమైందిరా? ‘ది’ పనికొచ్చిందా?”

“ఔ మామా, దానితోనే కొలువొచ్చింది.”

“నేను చెప్పలే?” అని నన్ను అప్పటికప్పుడు మార్కెట్‌కు తీసుకెళ్లి ఐస్‌క్రీం తినిపించారు. ఆయన మొహం చూస్తే నా కడుపు నిండిపోయింది. తర్వాత దుకాణంలో అసలు సూత్రాలన్నీ నేర్చుకున్నాను గానీ, మామయ్యకు మాత్రం చెప్పలేదు. మీ మామయ్య ఎలా ఉన్నారని దొరగారు అప్పుడప్పుడు అడిగితే, తెలిసి తెలిసి ‘ది మై అంకుల్’ అనే మొదలుపెట్టేవాణ్ణి. ఆయన కూడా ఏనాడూ దిద్దలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఇంట్లో అందరి ఇంగ్లీషులోనూ తప్పులు పట్టే ముసలివాణ్ణి నేను. అయినా ఉత్త ‘మై అంకుల్’ అనడానికి నాకింకా నోరు రాదు. మామయ్యను ఏకవచనంతో పిలిచినట్టుంటుంది.