గుక్క తిప్పుకోకుండా

కరోనా రెండోసారి ముంచుకొచ్చిన ఎండాకాలం అది. అచ్చంపేట దగ్గర చిన్న ప్రభుత్వ దవాఖానలో నర్సుగా ఉన్నాను. సెలవు మీద ఊరికొచ్చి జబ్బుపడ్డ ఇద్దరు జవాన్లను సికింద్రాబాదు మిలటరీ ఆసుపత్రికి చేర్చే పని నా మీద పడింది. నాకు అసలే కోపం ఎక్కువ. ఆ ప్లాస్టిక్ సూటు తొడుక్కుంటే ఇంకా ఎక్కువ.

ఇద్దరిలో చిన్నవాణ్ని ముందు లింగాలలో అంబులెన్సులోకి ఎక్కించుకున్నాం. వాళ్లమ్మ వాకిట్లోనే ఆగి, "వాడు పానం మీదికొచ్చినా చెప్పడు బిడ్డా, జర కనిపెట్టుకొని ఉండు" అంది. తల్లులందరూ అనేదే కదా అని తలూపి తలుపేశాను. ఉప్పునుంతలలో నలభై దాటిన హవల్దారు తన ట్రంకుపెట్టె తానే మోసుకొచ్చి ఎక్కాడు.

బండిలో ఆక్సిజన్ సిలిండర్ ఒక్కటే, దాని మాస్కూ ఒక్కటే. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూడ్డానికి వేలికి పెట్టే మీటరు పొద్దున్నే మొరాయించింది. ఎట్లుంది అనడిగితే ఇద్దరిదీ ఒకటే జవాబు, "మంచిగుంది మేడం." చిన్నవాడు మాస్కు తీసి, "అన్నకు పెట్టుండ్రి" అన్నాడు. ఆయన దాన్ని మళ్లీ వీడి ఒళ్లోకి తోశాడు. కల్వకుర్తి దాకా ఇదే వరస. నాకు ఒళ్లు మండింది.

"పరేడుతో పాటు అబద్ధాలు గూడ నేర్పిస్తరా మీకు? ఒక్కొక్కరు గుక్క తిప్పుకోకుండ ఒకటి నుంచి లెక్కపెట్టుండ్రి."

హుకుం అనేసరికి ఇద్దరూ నడుం నిటారు చేశారు. పెద్దాయన ఇరవై రెండు దాకా పోయాడు. చిన్నవాడు ఆరు దగ్గర ఆగాడు. పెదవులు కదిలాయి గానీ ఏడు రాలేదు. ఆ పెదవులు నీలంగా ఉన్నాయని అప్పుడు చూశాను. వాళ్లమ్మ మాట గుర్తొచ్చి సిగ్గేసింది, భయమూ వేసింది.

మాస్కు బిగించి, బోర్లా పడుకోబెట్టి, వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను. ఎట్లుంది అని మళ్లీ అడగలేదు. పది నిమిషాలకోసారి లెక్కే. కడ్తాల్ దాటాక తొమ్మిది. ఆసుపత్రి గేటు దగ్గర పదకొండు. అక్కడి కాగితాల్లో నా నంబరు రాసి, వాళ్లను అప్పగించి వచ్చేశాను.

కొన్ని వారాలకు, మధ్యాహ్నం అన్నం తింటుంటే తెలియని నంబరు నుంచి ఫోన్. హలో కూడా లేదు. "ఒకటి, రెండు, మూడు..." ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాను. ఇరవై దాటింది. ముప్పై ఆరు దగ్గర ఆగి, "ఇప్పుడు నిజంగనే మంచిగుంది అక్కా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"మీ అమ్మకు చెప్పినవా?"

"చెప్పిన. నేను చెప్తే నమ్ముతలేదు. జర మీరు చెప్పుండ్రి."

చెయ్యి కడుక్కుని, వాళ్లమ్మ నంబరు రాసుకుని లింగాలకు ఫోన్ చేశాను.