గొలుసు వేసి ఊపి చూసే అన్న

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ రోజుల్లో నా గదిలో ఉండే నల్గొండ అన్నను హాస్టలంతా 'అనుమానం అన్న' అని పిలిచేది. ఆ పేరు పెట్టింది నేనే. అది తప్పు పేరు.

సైకిల్ ఎక్కడ ఆపినా ఆయన చక్రాన్నీ, ఫ్రేమునూ కలిపి కరెంటు స్తంభానికి గొలుసు చుట్టి తాళం వేసేవాడు. తర్వాత సీటు పట్టుకుని గట్టిగా ఊపి చూసేవాడు.

"మమ్మల్ని కూడా నమ్మవా అన్నా?" అని ఏడిపించేవాళ్లం.

"మిమ్మల్ని నమ్ముత తమ్మీ. తాళాన్నే నమ్మ" అని నవ్వేవాడు. ఆ మాటను మేమెవరమూ పట్టించుకోలేదు.

తెలంగాణ బంద్ రోజున నాకు ఎల్బీనగర్‌లో పరీక్ష. వాయిదా వేయలేదు, బస్సుల్లేవు. గుంటూరు నుంచి వచ్చిన నేను సైకిల్ అడగడానికి జంకుతుంటే, ఊరేగింపుకు బయలుదేరుతున్న ఆయనే తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"సైకిల్ పోతే ఎలా అన్నా?"

"పోతే పోనీ. మెయిన్ రోడ్డు మీద రాళ్లు పడ్తున్నయ్, గల్లీలకెల్లి పో. నువ్వు జర పైలం."

సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. సైకిల్ వైపు చూడనైనా చూడలేదు. నా రెండు భుజాలూ పట్టుకుని, సీటును ఊపినట్టే, గట్టిగా ఊపి చూశాడు.