తెల్ల ఓక్ కింద చల్లిన బస్తా

మా బావగారి పెరట్లో తెల్ల ఓక్ చెట్టు ఒక ఏడాది ఆకులు ముడుచుకుని పిందెలన్నీ ఎందుకు రాల్చేసిందో నాకు తెలుసు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం అక్క ఫ్యామిలీ గ్రూప్‌లో వీడియో పెట్టింది. ఆ చెట్టు కింద రెండు జింకలు తలలు వంచి, తీరిగ్గా ఓక్ కాయలు పటపట కొరుక్కుంటున్నాయి. "బావగారు రంపం ముట్టకపోతే చెట్లు ఎంత బాగా కాస్తాయో చూశారా!" అని మా తమ్ముడు రాశాడు. అందరూ నవ్వారు. బావగారు కూడా నవ్వు బొమ్మ పెట్టారు. నాకు మాత్రం మింగుడు పడలేదు.

అమెరికాలో, ఆష్‌బర్న్ అనే ఊళ్లో డేటా సెంటర్లు దాటి పడమటికి పోతే అడవి మొదలయ్యే చోట వాళ్లిల్లు. ఉద్యోగం పోయి, వీసా గడువు ముగిసేలోగా ఇంకోటి వెతుక్కోవాల్సిన రోజుల్లో నన్ను బేస్‌మెంట్‌లో పెట్టుకున్నారు. ఇంటర్వ్యూ ఏమైందని బావగారు ఒక్కనాడూ అడగలేదు. పొద్దున్నే కాఫీ చేతికిచ్చి, "రావయ్యా, చెట్టు చూసొద్దాం" అనేవారు. తెల్ల ఓక్ కాయలకు వగరు తక్కువని, అందుకే జింకలు ముందు వీటికోసమే వస్తాయని, చుట్టూ నీడ ఉంటే కొమ్మలు కాపు పట్టవని దారంతా చెప్పేవారు. వేటకు వెళ్లే పక్కింటాయన ఒకసారి, "ఇంత కష్టపడి రప్పించుకుని తినకపోతే మరి ఎందుకు?" అని అడిగాడు. "చూడ్డానికి" అన్నారు బావగారు. పక్కింటాయన మా ఇద్దరినీ చాలా జాలిగా చూశాడు. అక్కదీ అదే వరస. "ఊరంతా జింకలు రాకుండా కంచెలు కట్టుకుంటుంటే మీరేమో పిలిచి విస్తరేస్తారు!"

ఓక్‌కి వెలుతురు రావాలంటే పక్కనున్న మేపుల్ చెట్టు కొట్టాలి. అక్కకు ఆ మేపుల్ అంటే ప్రాణం. అక్టోబర్‌లో ఆకులు పండి, వంటింటి కిటికీ నిండా ఎర్రగా అదే కనిపించేది. బావగారు ఎంతో బతిమాలి, "ఓక్ కాయకపోతే నన్నడుగు" అని మాటిచ్చి కోసేశారు. వసంతం రాగానే ఎరువు చల్లే పని నాకు అప్పగించారు. "కాండం దగ్గర కాదు, కొమ్మల కొసలు ఎక్కడిదాకా వస్తే అక్కడ, చుట్టూ చల్లు" అని చూపించి ఆఫీస్‌కి వెళ్లారు. షెడ్‌లో రెండు బస్తాలున్నాయి. చేతికందింది చెట్ల ఎరువు కాదు, లాన్‌ది. వాళ్లు ముందున్న ఇంట్లో, గడ్డిలో కలుపు మొక్క పసుపు పువ్వు ఒక్కటి కనబడినా కాలనీ అసోసియేషన్ వాళ్లు నోటీసు పంపేవారట. అందుకని కొన్న మందు, గడ్డికి బలం ఇచ్చి కలుపును చంపేది. నాకు ఫోన్ ఇంటర్వ్యూ టైమ్ అవుతోంది. ఎరువు ఎరువే కదా అనుకున్నాను. ఎంత వేస్తే అంత కాస్తుందని బస్తా మొత్తం గుమ్మరించాను.

కొన్ని వారాలకు ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి, ఆ తర్వాత పిందెలు రాలాయి. అప్పుడు వెళ్లి ఖాళీ బస్తా మీద చదివాను. చెట్ల కింద వాడకూడదని రాసి ఉంది. బస్తాను మడిచి చెత్త డబ్బాలో అడుక్కి తోశాను. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, "నా మేపుల్ పోయింది, ఇదేమో నీడ లేక ఎండకు మాడింది. ఇప్పుడెవర్నడగాలి?" అంది అక్క. బావగారు తలొంచుకుని, "తప్పు నాదే" అన్నారు. వాళ్లింట్లో తలదాచుకుంటున్నవాణ్ణి, ఆ నీడ కూడా పోతుందేమోనని భయపడ్డాను. "అంతే అయ్యుంటుంది బావగారూ" అన్నాను. నోరు మూసుకున్నా సరిపోయేది. ఆయన తన రంపం పక్కింటాయనకు ఇచ్చేశారు. అడవి వైపు, చుట్టూ చెట్లు కొట్టి బాగుచేద్దామనుకున్న మిగతా ఓక్‌లు ఈరోజుకీ నీడలోనే ఉన్నాయి. నాకు ఉద్యోగం వచ్చాక కొత్త అపార్ట్‌మెంట్‌లో నన్ను రైస్ కుక్కర్‌తో సహా దింపి వెళ్లింది ఆయనే.

శనివారం డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను.

"ఒరేయ్, ఇన్నేళ్లూ నేనీయన్ని సాధిస్తుంటే పక్కన కూర్చుని పెరుగన్నం తిన్నావట్రా?" అంది అక్క. తర్వాత బావగారి పక్కకు జరిగి కూర్చుంది.

బావగారు కిటికీలోంచి ఓక్ వైపు చూశారు. "పోనీలేవయ్యా. చెట్టే మర్చిపోయింది" అన్నారు.

"చెట్టు రెండేళ్లలో తేరుకుంది బావగారూ. నాకు నోరు పెగలడానికే ఇన్నేళ్లు పట్టింది. నన్ను క్షమించండి."