రాణి తమ్ముడు బతికి ఉన్న పుస్తకం

రెండువేల నాలుగో, ఐదో. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే బస్సులో కూర్చున్నాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఒక మాయారాజ్యపు రాణి గురించిన నవలలు నాలుగు, అదే కథతో వచ్చిన కంప్యూటర్ ఆట సీడీ ఒకటి ఒళ్లో ఉన్నాయి. కథలో ఏది ముందో, ఏది వెనకో ఎంతకీ తేలడం లేదు.

పక్కసీటులో ఉన్న ఆమె కాసేపు చూసి, "అచ్చయిన వరుస వట్టుకుంటే సమజ్ గాదు తమ్మీ, ఇటియ్యి" అంటూ అన్నీ తన ఒళ్లోకి తీసుకుంది. సీడీని రెండు పుస్తకాల నడుమ దోపింది.

"గీ ఆట మా తమ్ముడు ఆడేటోడు."

చివరగా అచ్చయిన పుస్తకాన్ని అన్నిటికన్నా పైన పెట్టింది. అట్ట మీంచి చెయ్యి తీయలేదు.

"కథల గిదే మొదలు. గిండ్ల రాణి తమ్ముడు ఇంకా బతికే ఉంటడు. గిదొక్కటే నేను సదువలే."

"అయితే తీస్కో అక్కా."

"వద్దు తమ్మీ. గిది గూడ సదివేస్తే, ఇగ వాని ముచ్చట కొత్తగ ఏం మిగుల్తది?"

శామీర్‌పేట చెరువు కనబడగానే పుస్తకాలు నా ఒళ్లో పెట్టి దిగిపోయింది.

ఆమె పెట్టిన వరుస నేనింకా చెదరగొట్టలేదు. కింది మూడూ చదివాను, ఆట కూడా ఆడాను. పైనున్నది మాత్రం తెరవలేదు.