ఆ పొగ ఎవరిది?

పంజాగుట్టలోని ఒక సరుకు రవాణా కంపెనీలో పని చేస్తున్నాను. ఒక్కో ట్రిప్పుకు ఎంత పొగ వెలువడిందో లెక్కగట్టి, సరుకు పంపినవాళ్లకు చెప్పడం నా ఉద్యోగం. పోయిన ఎండాకాలం కొత్త కరెంటు వ్యాన్ ఎలా నడుస్తుందో చూద్దామని సనత్‌నగర్ గోడౌన్ నుంచి నేనూ అందులో బయలుదేరాను.

సరిగ్గా అమీర్‌పేట మెట్రో కింద ఛార్జింగ్ అయిపోయి వ్యాన్ ఆగిపోయింది. వెనక ఒకటే హారన్ల మోత.

"పరేషాన్ గాకు అక్కా, గా లారీ అన్నను జర లాగుమంట" అని మా డ్రైవర్ ఒక పాత డీజిల్ లారీకి తాడు కట్టాడు. ఆ లారీ పంజాగుట్ట దాకా నల్లటి పొగంతా మా ముఖాల మీదే కక్కింది. మా వ్యాన్ మీదేమో 'పొగ లేని రవాణా' అని పెద్ద పెద్ద అక్షరాలు! అది చదివి పక్కన వెళ్తున్న బస్సులోవాళ్లు పగలబడి నవ్వుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆఫీసుకు రాగానే మేనేజర్ గారు, "మన వ్యాన్ పొగ వదల్లేదు కదమ్మా, సున్నా వేసెయ్" అన్నారు.

"మరి లారీ పొగ సార్?"

"అది లారీవాళ్లది. మనకేంటి?"

అప్పటిదాకా పడిన సిగ్గంతా కోపమైంది. చున్నీతో ముఖం తుడుచుకుని, మసి అంటిన అంచును ఆయన బల్ల మీద పరిచాను.

"సరుకు మనది, తాడు సుత మనదే. పొగ ఒక్కటే పరాయిదా సార్? నేనైతే సున్నా వెయ్య."

లారీ పొగ కలిపే లెక్క వెళ్లింది. ఆ మరక మాత్రం ఎన్ని ఉతుకులకూ పోలేదు. ఇప్పటికీ ఎవరైనా సున్నా వెయ్యమంటే, మర్నాడు ఆ చున్నీయే వేసుకుని ఆఫీసుకు వెళ్తాను.