సారు నన్ను కూర్చోబెట్టిన సెమీఫైనల్

నా చిన్నప్పుడు నేను పెద్ద పొగరుబోతునని చెబితే మా మనుమరాలు నమ్మదు. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే ముసలాయనకు పొగరెక్కడిదని దాని అనుమానం. కానీ నల్లగొండ దగ్గర మా ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, బంతి నా కాలికి దొరికిందంటే ఇక ఆపేవాడు లేడు. ఇది నేను అనుకున్న మాట కాదు, ఊరంతా అన్న మాటే. ఊరన్న మాటను నేను కొంచెం ఎక్కువగా నమ్మాను, అంతే.

మా బడికి ఉన్నది ఒకటే ఫుట్‌బాల్. తోలుది, పైన బూటుకు కట్టినట్టు తాడు కట్టి ఉండేది. ఆ తాడు ముడి నుదుటికి తగిలితే సాయంత్రం దాకా అచ్చు పోయేది కాదు. మైదానం అంతా గుచ్చుకునే మొరం రాళ్లే, మా కాళ్లకు బూట్లు లేవు. అయినా ఆ ఏడు తాలూకా బడుల పోటీల్లో మేము సెమీఫైనల్ దాకా వచ్చాం. సెమీఫైనల్ మా ఊళ్లోనే శనివారం, గెలిస్తే మర్నాడే నల్లగొండలో ఫైనల్.

మా తాతయ్య గొర్రెల కాపరి. కోతలయ్యాక రైతుల చేలల్లో మంద పెట్టేవాడు. రాత్రంతా గొర్రెలు చేనులో పడుకుంటే ఎరువు రైతుకు, గింజలు మాకు. ఆ ఏడు మంద పానగల్ అవతల ఎక్కడో ఉంది. నా ఆట గురించి ఆయన విన్నాడే గాని ఎన్నడూ చూడలేదు. గొర్రెలు మనిషికి సెలవియ్యవు. అలాంటిది సెమీఫైనల్ అని తెలియగానే ఒక్కరోజుకు మందను మా చిన్నాయనకు అప్పజెప్పి వస్తున్నానని కబురు పంపాడు. దానితోపాటు ఇంకో మాట కూడా. గోలు కొట్టు, గోలు కొట్టినోనికి జున్ను తెస్త అని. అప్పుడే ఈనిన గొర్రె ముర్రుపాలతో మా తాతయ్య కాచే జున్ను తిన్నవాడికే తెలుస్తుంది దాని సంగతి. నేను రెండు రోజుల ముందునుంచే అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకుని తిరిగాను, మా తాత వస్తుండు, నా ఆట సూడనీకి వస్తుండు అని.

శనివారం మధ్యాహ్నం మైదానం నిండింది. ఎదుటి జట్టు చిన్న పల్లెటూరి బడి పిల్లలు. వాళ్లు గట్టివాళ్లు కాదని అందరికీ తెలుసు. డ్రిల్లు సారు కాగితం తీసి పదకొండు పేర్లు చదివాడు. అందులో నా పేరు లేదు. మా జట్టులో గట్టిగా ఆడేవాళ్లం ఐదుగురం, ఆ ఐదుగురి పేర్లూ లేవు. నేను నోరు తెరిచేలోపే సారు అన్నాడు, "మీరు కూసోండ్రి. రేపు నల్లగొండల మీతోని పనుంది."

సరిగ్గా అప్పుడే మైదానం అంచున మా తాతయ్య కనిపించాడు. మోకాళ్ల దాకా దుమ్ము, భుజం మీద గొంగడి, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో గుడ్డ కట్టిన చిన్న మట్టికుండ. దూరం నుంచే నన్ను చూసి కర్ర ఎత్తి ఊపాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మైదానం చుట్టూ లొల్లి మొదలైంది. మా ఊరి పెద్దమనుషులు ఊరి ఇజ్జత్ తీస్తున్నవని సారు మీదికి పోయారు. వాళ్లకంటే ఎక్కువ కోపం ఎదుటి బడి సారుకు వచ్చింది. "మా పోరగాండ్లు మీ అసలు టీంతోని ఆడాలని పొద్దున్నుంచి నడిచొచ్చిన్రు. ఇంటికొచ్చిన సుట్టానికి మిగిలింది పెడతరా?" అన్నాడు. ఆ మాటకు మా సారు ముఖం కొంచెం చిన్నబోయింది గాని మనిషి కదల్లేదు. ఎవరిని దించాలో చూసుకునే పని నాది, ఓడితే జవాబు కూడా నేనే చెప్త అన్నాడు. ఆ రోజు రెఫరీ కూడా ఆయనే, విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

నేను పోయి తాతయ్య పక్కన కూర్చున్నాను. కాళ్లు నొస్తున్నయా అని అడిగాడు. లేదన్నాను. మరేందన్నాడు. సారు నన్ను రేపటికి దాస్తున్నడని వెక్కుతూ చెప్పాను. ఆయన కుండను నీడలో పెట్టి, గొంగడి మడిచి దాని మీద కూర్చున్నాడు.

నా స్థానంలో దిగినవాడు మా తరగతిలోనే చివరి బెంచీవాడు. బొద్దుగా ఉండేవాడు. నాలుగడుగులు ఉరికితే ఆయాసం. వాడు పరిగెత్తడం నేను అందరి ముందూ చేసి చూపించి నవ్వించేవాణ్ని. వాళ్లమ్మ మా ప్రతి ఆటకూ వచ్చేది, ఉడకబెట్టిన పల్లికాయలు అమ్ముకోవడానికి. ఎప్పుడూ మైదానానికి వీపు పెట్టి, జనం వైపు ముఖం పెట్టి కూర్చునేది. అమ్మేవాళ్లు చూడాల్సింది జనాన్నే గదా. ఎన్ని ఆటలకు వచ్చిందో, ఒక్క ఆటా ఆమె చూసి ఉండదు.

ఆ రోజు ఎవరో, నీ కొడుకు దిగిండు సూడు అని కేకేశారు. ఆమె తిరిగి చూసింది. లేచి నిలబడింది. గంప అక్కడే వదిలేసి సున్నం గీత దాకా నడుచుకుంటూ పోయింది.

యజమాని లేని గంప దగ్గరికి ముందుగా వచ్చింది ఒక మేక. మేకను ముందుగా చూసింది మా తాతయ్య. కాపరి జన్మకు అది తప్పదు. లేచిపోయి దాన్ని అదిలించి, మళ్లీ వస్తుందేమోనని గంప దగ్గరే కూర్చున్నాడు. కూర్చున్నవాణ్ని చూసి జనం పల్లికాయలు అడిగారు. ఆయనకు కొలతా తెలియదు, ధరా తెలియదు. దోసిలి నింపి ఊరికే పెట్టాడు. ఆ దోసిలి చూసి ఇంకో నలుగురు వచ్చారు. కాసేపటికి ఊళ్లో సగం మంది గంప చుట్టే ఉన్నారు.

నేను మాత్రం ఆట చూస్తున్నాను. ఇన్నేళ్లయింది కాబట్టి నిజం చెబుతాను. మావాళ్లు తప్పు చేసిన ప్రతిసారీ నాకు లోపల చల్లగా అనిపించింది. ఆ బొద్దువాడు గాల్లో తన్ని కింద పడితే పకపకా నవ్వాను. ఎదుటివాళ్లు ఒక గోలు వేసేశారు. సారుకు బాగా అయిందనుకున్నాను. హాఫ్‌టైంలో వాణ్ని తీసి నన్ను దింపుతాడని లేచి నిక్కరు దులుపుకుని నిలబడ్డాను కూడా. సారు నా వైపే చూడలేదు.

ఆట సగం దాటాక, ఎదుటివాడు తమ గోలు ముందు నుంచి బలంగా తన్నిన బంతి సరాసరి మా బొద్దువాడి ఛాతీకి వచ్చి తగిలింది. వాడు వెల్లకిలా పడ్డాడు. బంతి వచ్చిన దారినే తిరిగి పోయి, వాళ్ల గోల్‌కీపర్ కాళ్ల సందునుంచి గోలులోకి దొర్లింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఆ మైదానంలో లేచిన అరుపు నేను మళ్లీ ఎక్కడా వినలేదు. నేను ఐదు గోల్స్ కొట్టిన రోజు కూడా అంత అరవలేదు ఎవరూ. వాళ్లమ్మ గీత దాటి లోపలికి ఉరికింది. సారు విజిల్ ఊదుతూనే ఉన్నాడు, ఆమె వింటే గదా. నడి మైదానంలో కొడుకును లేపి కూర్చోబెట్టి, కొంగుతో ముఖం తుడిచి, ఇటూ అటూ తిప్పి చూసుకుని, నిమ్మళంగా బయటికి వచ్చింది. రెండు జట్లూ అంతసేపూ నిలబడి చూశాయి. ఎదుటి సారు కూడా నవ్వాడు. నేను కూడా నవ్వానేమో, తెలియదు. ఇటు చూస్తే మా తాతయ్య రెండు చేతులతో పల్లికాయలు పంచేస్తున్నాడు, తన ఇంట్లో పెళ్లయినట్టు.

చివరికి మావాళ్లే ఇంకో గోలు వేసి గెలిచారు. ఆమె తిరిగి వచ్చేసరికి గంపలో పొట్టు తప్ప ఏమీ లేదు. మా తాతయ్య తప్పు చేసినవాడిలా లేచి నిలబడ్డాడు. "బిడ్డా, మేకనైతే ఆపిన గని మనుషుల్ని ఆపలేకపోయిన," అన్నాడు. అని, నీడలో ఉన్న కుండ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆమె వద్దంటే వద్దంది. తాతయ్య వినలేదు. "గోలు కొట్టినోనికే అని మొక్కినట్టు తెచ్చిన. నీ కొడుకు కొట్టిండు. ఇగ ఇది వానిదే గద." తల్లి వెంట వచ్చిన ఆ బొద్దువాడు అక్కడే కూర్చుని గుడ్డ విప్పాడు. మొదటి ముక్క తీసి నాకే ఇవ్వబోయాడు. నేను ముఖం తిప్పుకున్నాను. యాభై ఏళ్లు దాటింది, ఆ ముక్క గుర్తొస్తే ఇప్పటికీ నోరూరుతుంది, సిగ్గూ వేస్తుంది.

పోయేముందు తాతయ్య మా సారు దగ్గరికి వెళ్లాడు. కొట్లాటకు పోతున్నాడని నేను ఆశపడ్డాను. ఆయన చేతులు జోడించి అన్నాడు, "సారూ, ఆపినవ్, మంచిదే. గని పొద్దుగాల్నే చెప్పాల్సుండె. నేను జర నిమ్మళంగ నడిచొస్తుంటి." సారు తల దించుకున్నాడు. తర్వాత మా తాతయ్య చెయ్యి పట్టుకుని, తప్పయింది పెద్దాయనా అన్నాడు. ఒక సారు ఒక కాపరితో అలా అనడం నేను మొదటిసారి చూశాను.

ఇంటి దారిలో నేను పట్టలేక అడిగేశాను, నువ్వు నా కోసం వచ్చినవా, వాని కోసమా అని. తాతయ్య నవ్వాడు. నడుస్తూనే చెప్పాడు. కోసిన చేనులోకి మందను తోలేటప్పుడు ఆయన ఎప్పుడూ ముందు నిలబడి బలిసిన గొర్రెలను కర్రతో ఆపుతాడట. "అవి ముందల వడ్డయనుకో, ఎనకొచ్చే బక్కగొర్రెలకు మొదళ్లే మిగుల్తయి. ఆపితే నా మీద అలుగుతయి, అచ్చం నీ లెక్కనే. అలిగితే అలుగనియ్. కడుపైతే మాడదు." ఆ మాట నాకు నచ్చలేదు. నేను గొర్రెను కాదన్నాను. గొర్రె అయితే గింత మాట్లాడదులే అన్నాడు.

తెల్లవారితే ఆయన మంద దగ్గరికి పోవాలి. నల్లగొండకు రాలేడు. అంటే నా ఆట చూడకుండానే పోతున్నాడు. నా దుఃఖమంతా నిజానికి అదే, జున్ను కాదు. తెల్లారుతుండగా నన్ను లేపి కల్లం దగ్గరికి తీసుకుపోయాడు. పాత గొంగడి పేలికలు ముద్దచేసి, ఉన్ని తాడుతో గట్టిగా చుట్టి బంతి చేసి పెట్టాడు. రెండు రాళ్ల మధ్య పంచె ఎగ్గట్టి, కర్ర పట్టుకుని నిలబడి, కొట్టు అన్నాడు. మొదటిది కొట్టాను, కర్రతో అలవోకగా ఆపాడు. రెండోదీ అంతే. ఉరికే గొర్రెపిల్ల కాలును ఆ కర్రతో అందుకునే మనిషి ఆయన. మూడోది కసిగా కొట్టాను. కర్ర పక్కనుంచే పోయింది. తాతయ్య కర్ర పారేసి, నన్ను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుని కల్లం చుట్టూ తిరిగాడు. ఇగ సూసిన, నా మనుమడు గోలు కొట్టంగ సూసిన అని అరిచాడు. తర్వాత గొంగడి వేసుకుని పానగల్ దారి పట్టాడు.

ఫైనల్‌లో మేము మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. సారు అంత దాచిపెట్టిన నన్ను పట్నం పిల్లలు ఒక్కసారి కూడా గోలు దగ్గరికి రానివ్వలేదు. వాళ్లకు బూట్లున్నాయి, అది ఒక్కటే నా సాకు.

పెద్దయ్యాక నాకు దొరికిన ఉద్యోగం బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేయడం. ఎవరిని పంపాలి, ఎవరిని ఆపాలి, రోజూ అదే పని. ఆపాల్సి వస్తే ముందురోజే మనిషిని పిలిచి, టీ తాగించి, ఎదురుగా చెప్పేవాణ్ని. తిట్టినవాళ్లున్నారు. ఎవరినీ డిపో దాకా నడిపించి తెచ్చి కూర్చోబెట్టలేదని మాత్రం నాకు తృప్తి.

పోయిన నెల షాద్‌నగర్‌లో మా మనుమరాలి బడి జట్టుకు సెమీఫైనల్. దాన్నీ ఇంకో ఇద్దరినీ వాళ్ల కోచ్ ఫైనల్ కోసమని కూర్చోబెట్టాడు. కంపెనీకి సెలవు పెట్టి వచ్చిన మా అబ్బాయి అగ్గి అయిపోయాడు. తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో ఒకటే గొడవ, కోచ్‌కు ఆ హక్కు ఉందా లేదా అని. నన్నడిగితే ఉందన్నాను. ముందే చెప్పకపోవడం మాత్రం తప్పేనన్నాను. అందరూ ఫోన్లలో తల పెట్టి కొట్లాడుతుంటే, మా పిల్ల స్థానంలో ఆడుతున్న అమ్మాయి తల్లి షిఫ్టు దిగి, కంపెనీ బట్టలతోనే వచ్చి గీత దగ్గర నిలబడింది. నా కుర్చీ ఆమెకిచ్చాను. మనుమరాలి కోసం తెచ్చిన మక్కగారెల డబ్బా కూడా ఇచ్చాను. అప్పుడు మా పిల్ల నన్ను చూసిన చూపు ఉందే, ఆ చూపు నాకు బాగా తెలుసు. నాకు నవ్వు ఆగలేదు. ఇల్లు చేరేదాకా అది నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే డాబా మీద రెండు పూలకుండీల మధ్య, మోకాలికని డాక్టరు ఇచ్చిన కర్ర పట్టుకుని నిలబడ్డాను. పడిపోతవ్ తాతా అంది. కొట్టు అన్నాను. మొదటి రెండూ ఎలాగో కర్రకు తగిలాయి. అది పళ్లు బిగించి, కళ్లలో నీళ్లతో మూడోది కొట్టింది. బంతి నేరుగా కర్ర మీదికే వస్తోంది. కర్రను ఒక్క జానెడు పక్కకు జరిపాను.

అది చేతులు పైకెత్తి డాబా అంతా ఉరుకుతుంటే నేను కుండీ పట్టుకుని కూలబడి నవ్వాను, ఏడ్చాను. యాభై ఏళ్లుగా కల్లంలో ఆ గోలు నా కాలి బలమే అనుకుంటూ వచ్చాను.