పచ్చి ఆకులు కొట్టుకొచ్చిన గెడ్డ

రెండేళ్ల కిందటి ఆగస్టు. డుంబ్రిగుడ మండలంలో, గెడ్డ అని పిలిచే ఒక కొండవాగు ఒడ్డు, మధ్యాహ్నం మూడు. ఇవతల ఉన్నవాళ్లం: డిగ్రీ విద్యార్థులు పద్దెనిమిది మంది, వాళ్ల లీడర్ సువర్ణ, ఉద్యోగంలో చేరి మూడు వారాలైన మౌనిక, నేను. ఉన్నవి: ఒక తాడు, ఒక వెదురు కర్ర, ఫస్ట్ ఎయిడ్ పెట్టె. అవతలి ఒడ్డున కాలేజీ బస్సు.

ఇంజనీరింగ్ చదివి, ఒక రెసిడెన్షియల్ కాలేజీలో స్టూడెంట్ అఫైర్స్ చూస్తున్నాను. అంటే పాఠాలు తప్ప మిగతావన్నీ: హాస్టల్, ప్రయాణాలు, లీడర్ల శిక్షణ. కొత్తగా చేరినవాళ్లకు ‘షాడోయింగ్’ పెడతాం. పని వాళ్లు చేస్తారు. సీనియర్ వెనకే ఉంటాడు, నోరు విప్పడు. ఆ రోజు ఒక ఊళ్లో సర్వే ముగించుకొని వస్తున్నాం. పొద్దున దాటిన గెడ్డే మళ్లీ దాటాలి.

కర్రతో లోతు చూసి, దాన్ని ఒడ్డున ఇసుకలో గుచ్చాను. నీళ్లు మోకాలి కిందే. మా మీద వాన లేదు. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు.

సువర్ణ చేతులు చాచి అడ్డంగా నిలబడింది. “దిగొద్దు మేడం. పచ్చాకులు కొట్టుకొత్తన్నాయి, సూడండి. పైన ఎక్కడో కొమ్మలు ఇరుగుతున్నాయి.”

“ఏటే, లీడరమ్మకి గెడ్డంటే బయ్యమా? ఎత్తుకెళ్లమంటావేటి?” అన్నాడు ఆమె క్లాసు లక్ష్మణ్. అందరూ నవ్వారు.

మౌనిక నావైపు చూసింది. దాటమని తలతో సైగ చేశాను. ఆమె పేర్ల పట్టీ మడిచింది.

“సార్, షాడోయింగ్‌లో మాట్లాడనన్నారు. సైగలూ వద్దు,” అంది. తర్వాత పిల్లలతో, “ఎవరూ దిగరు. పైన రాళ్ల మీదకి పదండి, బేగి!”

నాకు కోపం వచ్చింది. పదకొండు నిమిషాలు ఆ రాళ్ల మీదే వాచీ చూస్తూ కూర్చున్నాను. పన్నెండో నిమిషంలో ఎగువనుంచి లారీ వస్తున్నట్టు మోత. ఎర్రటి నీళ్లు ఒక చెట్టు మొద్దుతో సహా వచ్చిపడ్డాయి. నా కర్ర ఎటు పోయిందో కనబడలేదు. మేం దాటాల్సిన చోట మనిషి నిలువు లోతు. లక్ష్మణ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

సువర్ణ ఏడుస్తోంది.

“వరద వస్తుందని ఎలా తెలిసింది?” అన్నాను.

“తెలీదు సార్. బయ్యమేసింది, సెప్పేసినాను.”

లీడర్ తన భయం బయటపెట్టకూడదని శిక్షణలో ఏటేటా చెప్పింది నేనే. సువర్ణ ఆ పాఠం పాటించి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ పూర్తిగా ఊహించలేను. పాఠం మార్చాను. ఎవరైనా సరే, భయమేస్తోందంటే ప్రయాణం ఆగుతుంది, కారణం అడగం.

ఆ తర్వాత అలా ఏడుసార్లు ఆగాం. ఆరుసార్లు ఏమీ జరగలేదు.